ఇరవై మూడో రాత్రి

వార్డో ఊళ్ళో సూర్యుడు
నవంబరు నెలాఖర్లో మునిగాడు.
రాగ్నా ముక్కు
డిసెంబరు నెలాఖర్లో కారడం మొదలెట్టింది.
రెండూ ఇంకా తేలలేదు.

ఇది ఇరవై మూడో రాత్రి.
రాత్రి అని అలవాటుకొద్దీ అంటున్నాను.
పట్టపగలు పన్నెండింటికి ఓ గంటసేపు
కిటికీ నీలిమందు కలిపిన నీళ్ళలా అవుతుంది,
అంతే, మళ్ళీ తారు.

సూల్‌ఫ్రిడ్‌కి చేపల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.
నా పడవ రేవులో మంచు కప్పుకుని పడుకుంది.
పిల్ల నా వంతు.

అయిదు నెలల పిల్ల.
చీదడం తెలియని ముక్కు,
ఉమ్మడం తెలియని నోరు.
గొంతులోకి జారిన కళ్ళెను మింగుతుంది,
ఒళ్ళంతా ముడుచుకుని దగ్గుతుంది,
తాగిన పాలతో సహా నా భుజం మీద కక్కుతుంది,
ఆపైన నవ్వుతుంది
బాకీ తీరిపోయినట్టు.

పీతల బుట్టలు లాగిన చేతులివి.
ఇప్పుడు వీటి పని
ఒక్కో ముక్కుపుటంలో రెండేసి చుక్కలు
ఉప్పునీళ్ళు వేయడం.
ఉప్పునీళ్ళు!
మా దీవి చుట్టూ ఉన్నది అదే.
మా నాన్నను మింగింది అదే, నాకు కూడు పెట్టిందీ అదే.
మందుల షాపులో మాత్రం
బొటనవేలంత సీసాలో పోసి అమ్ముతారు.

తర్వాత గొట్టం.
ఒక కొస ఆమె ముక్కుకి, ఒక కొస నా నోటికి,
మధ్యలో చిన్న దూది ముక్క కాపలా.
పీలుస్తాను.
మొదటిసారి నాకే డోకొచ్చింది.
ఇప్పుడు గొట్టంలోకి సాగిన తీగను
దీపం కింద పెట్టి రంగు చూస్తాను,
మా నాన్న పడమటి మబ్బును చూసినట్టు.
నిన్న పచ్చన. ఇవాళ గాజుపెంకు తెలుపు.
రంగునిబట్టి ఏమీ చెప్పలేమంది నర్సు.
అయినా చూస్తాను.

పక్కింటి ముసలి ఓస్లౌగ్ తేనె సీసా తెచ్చింది.
ఏడాది నిండని పిల్లకి నాకించకూడదన్నాను.
"నీకు నేనే నాకించాను, చచ్చావా?" అంది.
చావలేదు.
తేనె మాత్రం నా టీలోకి పోయింది,
ఆవిడ చూస్తుండగానే.

నర్సు ఇంగెర్ అన్న మాట వేరు:
దగ్గును వినకు, ఊపిరిని చూడు.
డొక్కలెగరేస్తోందా,
పాలు వద్దంటోందా,
పెదాలు నీలం తిరుగుతున్నాయా,
అలాగైతే ఏ వేళయినా ఫోను చెయ్యి, ఆగకు.
లేదంటే ఓపిక పట్టు. నెల పట్టొచ్చు.
మందేమీ లేదా అన్నాను.
లేదు, అంది,
తలుపు తీసి తర్వాతి వాళ్ళను పిలుస్తూ.

అందుకని లెక్కపెడతాను.
రెండింటికోసారి, నాలుగింటికోసారి,
చొక్కా పైకెత్తి, గడియారం పక్కన పెట్టుకుని.
నిమిషానికి ముప్పై ఎనిమిది.
ఒకసారి అరవై నాలుగు వచ్చింది.
చేతులు చల్లబడ్డాయి. బూట్లు కూడా తొడుక్కున్నాను.
మళ్ళీ లెక్కపెడితే తెలిసింది,
నా ఊపిరి కూడా కలిపేసుకున్నానని.

పడుకోబెడితే పిల్లికూతలు.
నిలువుగా గుండెకానించుకుంటే
కొంచెం సద్దుమణుగుతాయి.
వంటింటి కుర్చీలో అలాగే కూచుంటాను.
ఆమె ఛాతీలో గురగుర నా ఎముకల్లోకి దిగుతుంది,
దూరాన ఎవరిదో పడవ ఇంజను
స్టార్టు కాక సతాయిస్తున్నట్టు.
ఈ ఇంజను నేను విప్పలేను.
విప్పి కడిగి బిగించలేని వస్తువు
నా చేతికి రావడం ఇదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం కోట మీద ఫిరంగి పేలింది.
నిండు బిళ్ళ కనబడిందన్న మాట.
బడికి సెలవు. పిల్లలంతా రోడ్ల మీదే.
ఓస్లౌగ్ కూడా కర్ర పట్టుకుని బయటికొచ్చింది.
రాగ్నాను కోటులో చుట్టి ఎత్తిపట్టుకున్నాను.
చూడమ్మా, అదే, నువ్వు మరిచిపోయినది.
కళ్ళు చికిలించింది,
మొహమంతా ముడిచింది,
తుమ్మింది.
రెండు పాయలు పెదవి దాకా,
ఎండలో తళతళా.

నా చొక్కా చేతితో తుడిచాను.
ఓస్లౌగ్ తేనె సంగతి మళ్ళీ ఎత్తింది.

ఒంటిగంట దాటేసరికి చీకటి.
గొట్టం వేడినీళ్ళలో వేయాలి.